బిడ్డ పైలట్ అవుతానంటోంది, పంపొచ్చా? ఒక మెయింటెనెన్స్ ఇంజనీరు జవాబు

ముందు ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. దేవరకొండ దగ్గర వ్యవసాయం చేసుకునే ఒకాయన అడిగారు. బిడ్డ ఇంటర్ ఎంపీసీ పాసైంది, పైలట్ కోర్సే చేస్తానని పట్టుబట్టి కూర్చుంది. రెండెకరాలు అమ్మితే తప్ప ఫీజు కట్టలేరు. పైసల సంగతి ఒకటైతే, ప్రాణభయం ఇంకొకటి. అహ్మదాబాద్ ప్రమాదం తర్వాత విమానాలను అసలు నమ్మొచ్చా? 2022లో పెద్దవూర దగ్గర శిక్షణ విమానం పడి ఒక అమ్మాయి చనిపోయింది కదా, ట్రైనింగ్‌కు పంపడం క్షేమమేనా? ఇవన్నీ చూసుకోవాల్సిన ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిజంగా పనిచేస్తోందా, పేరుకే ఉందా?

నాది నకిరేకల్. విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. పైలట్‌ను కాదు, ఆ మాట ముందే చెప్తున్నా. కానీ లైన్ మీద ఉన్నన్నాళ్లూ విమానం గేటు దగ్గర నుంచి కదలాలంటే నాలాంటివాడు టెక్ లాగ్ అనే విమానం రికార్డు పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ సంతకం కోసం మా మీద ఎంత ఒత్తిడి వస్తుందో, ఎవరు తట్టుకుంటారో, ఎవరు తలొగ్గుతారో దగ్గర నుంచి చూశాను. అందుకే ఒక ఎయిర్‌లైన్ గానీ, ఫ్లయింగ్ స్కూల్ గానీ ఎంత భద్రమైనదో తెలుసుకోవాలంటే నేను కొత్త విమానాలు చూడను, గోడల మీది సర్టిఫికెట్లు చూడను. అక్కడ "ఇవాళ వద్దు" అన్నవాడికి మర్నాడు ఏమవుతుందో చూస్తాను. మీ మూడు ప్రశ్నలకూ నా జవాబు అక్కడి నుంచే వస్తుంది.

ఉదాహరణకు రెండు ప్రమాదాలు తీసుకోండి. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడింది. 166 మందిలో 158 మంది పోయారు. కెప్టెన్ దారిలో గంటన్నరకు పైగా నిద్రపోయినట్టు కాక్‌పిట్ రికార్డర్‌లో తేలింది. నిద్రమత్తు వదలకుండానే ల్యాండింగ్‌కు దిగాడు. విమానం ఉండాల్సిన దానికంటే ఎత్తులో, ఎక్కువ వేగంతో వస్తోంది. పక్క సీట్లోని కోపైలట్ గో-అరౌండ్ అన్నాడు. అంటే ఈ ల్యాండింగ్ వద్దు, మళ్లీ పైకి లేచి ఇంకోసారి వద్దామని. కెప్టెన్ వినలేదు.

పదేళ్లు గడిచాయి. 2020 ఆగస్టు 7న కోజికోడ్. అదే సంస్థ, అదే దుబాయ్ నుంచి, అలాంటి టేబుల్‌టాప్ రన్‌వేనే, అంటే గుట్ట మీద చదును చేసి వేసింది. జోరు వాన, వెనక నుంచి గాలి. విమానం రన్‌వే దాదాపు సగం దాటాక గానీ నేలను తాకలేదు. 21 మంది పోయారు, ఇద్దరు పైలట్లతో సహా. దర్యాప్తు నివేదిక ఏమందంటే, పక్క పైలట్ గో-అరౌండ్ అన్నా కెప్టెన్ ల్యాండింగ్ కొనసాగించాడు. అప్పుడు పక్క పైలట్ కంట్రోల్స్ తన చేతిలోకి తీసుకోవాల్సింది, తీసుకోలేదు.

రెండు సార్లూ కుడి సీట్లో ఉన్నవాడికి, అంటే కోపైలట్‌కు, విషయం తెలుసు. నోరు తెరిచి చెప్పాడు కూడా. తెలివి లోపం కాదు, శిక్షణ గంటల లోపం కాదు. చిన్నవాడు "వద్దు సార్" అంటే పెద్దవాడు ఆగే అలవాటు లేదు, పెద్దవాడు ఆగకపోతే చిన్నవాడు చెయ్యి వేసే ధైర్యం లేదు. పెద్దల మాటకు ఎదురు చెప్పొద్దని పెంచే మన పద్ధతి ఇందులో కొంత ఉందని కొందరంటారు. కొంత నిజమే. కానీ మంగళూరు కెప్టెన్ విదేశీయుడు. 1977లో టెనెరీఫ్‌లో రెండు జంబో జెట్లు రన్‌వే మీదే ఢీకొని 583 మంది పోయినప్పుడు టేకాఫ్‌కు తొందరపడ్డది యూరప్‌లో పేరుమోసిన కెప్టెన్. పక్కనున్న ఫ్లైట్ ఇంజనీరు ఎదుటి విమానం రన్‌వే మీది నుంచి తప్పుకుందా అని అడిగాడు కూడా. అలాంటి ప్రమాదాల తర్వాతే ప్రపంచమంతా సీఆర్ఎం అనే శిక్షణ మొదలైంది. కాక్‌పిట్‌లో ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకోవాలి, కెప్టెన్‌ను ఎప్పుడు ఎలా ఆపాలి అన్నది అందులో నేర్పుతారు. ఇండియాలో కూడా తప్పనిసరే. క్లాసుకు పోయి సంతకం పెట్టి రావడం ఒకటి, అర్ధరాత్రి వానలో ఆ మాట నోట రావడం ఇంకొకటి.

కోజికోడ్ నివేదికలో నన్ను ఎక్కువ కుదిపింది మాత్రం వైపర్. మొదటి అప్రోచ్‌లో కెప్టెన్ వైపు వైపర్ ఆగిపోయింది. రెండోసారి ఆడింది కానీ ఉండాల్సిన వేగంతో కాదు. నా లెక్కలో అది ఒక ఇంజనీరు ఒక రాత్రిలో సరిచేసే పని. దానికి తోడు, మర్నాడు పొద్దున ఆ కెప్టెన్ ఇంకో ఫ్లైట్‌కు కావాలి, అక్కడ కెప్టెన్ల కొరత ఉంది. వేరే ఎయిర్‌పోర్టుకు పోతే ఆ ఫ్లైట్ ఆగిపోతుంది. ఎవరూ ఫోన్ చేసి "ఎట్లాగైనా దించు" అని చెప్పి ఉండకపోవచ్చు. చెప్పక్కర్లేదు కూడా. రోస్టరే, అంటే డ్యూటీల చార్టే, ఆ మాట చెబుతుంది.

నా పనిలోనూ ఇదే చూశాను. ఒకసారి తెల్లవారుజాము డిపార్చర్. విమానం చుట్టూ తిరిగి చూసే వాక్-అరౌండ్‌లో టార్చి వేసి చూస్తే మెయిన్ వీల్ టైరు మీద కోత పడి ఉంది. గేజ్ పెడితే లిమిట్ దాటింది, లోపలి పోగులు కనబడుతున్నాయి. స్టోర్స్ నుంచి కొత్త వీల్ తెప్పించి, జాకీ వేసి, టార్క్ పట్టి, పేపర్ పని పూర్తి చేసేసరికి టైం పడుతుంది. షిఫ్ట్ మేనేజర్ ఫోన్: "ఒక్క సెక్టారే కదా, అక్కడికి పోయాక మారుస్తారు, సైన్ చేసెయ్." చేయలేదు. ఫ్లైట్ లేటయింది, ప్యాసింజర్లు కౌంటర్ దగ్గర గొడవ చేశారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్లకు ఆ టైరు కనబడదు కదా. తర్వాత కొన్ని నెలలపాటు నాకు వరసగా నైట్ షిఫ్టులే పడ్డాయి. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ నాతో పనిచేసే కుర్రాళ్లు అది చూశారు. అక్కడ పోగొట్టుకున్నది నా నిద్ర కాదు, వాళ్ల ధైర్యం.

ఈ సందర్భంలోనే ఒక అపోహ తీరుస్తాను, చాలామంది భయపడే సంగతి కాబట్టి. విమానంలో ఏదో ఒక చిన్న లోపం ఉన్నా ఎగరనిస్తారు, నిజమే. అది దొంగతనం కాదు. ఎంఈఎల్ అని ఒక పుస్తకం ఉంటుంది. ఏ వస్తువు పనిచేయకపోయినా ఎగరొచ్చు, ఏ షరతుల మీద, ఎన్ని రోజుల్లో బాగుచేయాలి అన్నీ అందులో రాసి ఉంటాయి. కొన్నిటికి మూడు రోజులు, కొన్నిటికి పది. ఆ పుస్తకం ప్రకారం నడిచే విమానంలో నా కుటుంబాన్ని నేను నిశ్చింతగా ఎక్కిస్తాను. స్నాగ్‌ను, అంటే దొరికిన లోపాన్ని, లాగ్‌లో రాయకుండా నోటిమాటతో సరిపెట్టే చోట ఎక్కించను.

ఇక శిక్షణ సంగతి. 2022 ఫిబ్రవరి 26న తుంగతుర్తి దగ్గర పడ్డది సెస్నా 152. నాగార్జునసాగర్ అవతలి గట్టున విజయపురి సౌత్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి నడిచే స్కూలు విమానం. తుంగతుర్తి అంటే చాలామంది సూర్యాపేట జిల్లా తుంగతుర్తి అనుకుంటున్నారు. ఇది పెద్దవూర మండలంలోని ఊరు. విమానంలో ట్రైనీ ఒక్కతే ఉంది. ఆ రోజు టీవీల్లో వచ్చిన కారణాలను పట్టుకుని పోయిన అమ్మాయి గురించి నేను మాట్లాడను. మన ప్రాంతంలో చిన్న విమానం ఎగరడం ఎలా ఉంటుందో మాత్రం చెప్తాను, మీ నిర్ణయానికి అదే పనికొస్తుంది.

సెస్నా 152 రెండు సీట్ల విమానం, ఇంజిన్ 110 హార్స్‌పవర్. సముద్ర మట్టం దగ్గర, చల్లటి వాతావరణంలో నిమిషానికి 700 అడుగుల పైచిలుకు ఎక్కుతుంది. ఇప్పుడు మహబూబ్‌నగర్ తీసుకోండి. సముద్ర మట్టానికి సుమారు 1600 అడుగుల ఎత్తు. ఆ ఎత్తులో విమానం లెక్కల ప్రకారం ఉండాల్సిన ఉష్ణోగ్రత 12 డిగ్రీలు. ఏప్రిల్ నెలాఖరు మధ్యాహ్నం 42 ఉంటుంది. ముప్పై డిగ్రీలు ఎక్కువ. ఒక్కో డిగ్రీకి గాలి దాదాపు 120 అడుగులు ఎత్తుకు పోయినంత పలచబడుతుంది. అంటే 3600 అడుగులు. అసలు ఎత్తుతో కలిపితే 5200. విమానం నేల మీదే ఉంది గానీ ఇంజిన్‌కూ రెక్కకూ అది ఐదు వేల అడుగుల పైన ఉన్నట్టే. టేకాఫ్‌కు రన్‌వే ఎక్కువ తింటుంది, ఎక్కడం నత్తనడక అవుతుంది. ఇద్దరు ఎక్కి, ట్యాంకు నిండా పెట్రోలు ఉంటే ఇంకా కష్టం. దీనికి తోడు కాలిన నల్లరాళ్ల గుట్టల మీద గాలి పైకి తంతుంది, పక్కనే రిజర్వాయర్ నీళ్ల మీద కిందికి జారుస్తుంది. మన జిల్లాల్లో హైటెన్షన్ లైన్లకు కొదవ లేదు. పైనుంచి చూస్తే స్తంభం కనబడుతుంది గానీ తీగ కనబడదు.

కాబట్టి మంచి స్కూలులో ఎండాకాలం ఫ్లయింగ్ పొద్దున్నే మొదలై ఎండ ముదిరేలోపు ఆగిపోతుంది. ఆపితే స్టూడెంట్‌కు గంటలు రావు, స్కూలుకు ఆదాయం రాదు. అక్కడే తేలుతుంది ఎవరేమిటో. మీరు బిడ్డను తీసుకుని ఏ స్కూలుకు పోయినా ముందు మార్కెటింగ్ అబ్బాయి మాట్లాడతాడు. ఆయన చెప్పేదంతా విని, తర్వాత సీనియర్ స్టూడెంట్లను బయట చాయ్ దగ్గర పట్టుకోండి. "గాలి బాగాలేదని గానీ, ఒంట్లో బాగాలేదని గానీ నువ్వు ఫ్లైట్ వద్దంటే మళ్లీ నీ పేరు బోర్డు మీదికి ఎన్ని రోజులకు వస్తుంది?" అని అడగండి. మర్నాడే వస్తుందంటే సరే. రెండు మూడు వారాలు పడుతుందంటే ఆ స్కూలులో ఎవరూ వద్దనరు, జ్వరంతో కూడా ఎక్కుతారు.

ఇంకొకటి మీ కళ్లతో మీరే చూడొచ్చు. ఫ్లైట్‌కు ముందు స్టూడెంట్ విమానం చుట్టూ తిరిగి చూసుకోవాలి. అందులో భాగంగా రెక్క కింది వాల్వ్ నుంచి చిన్న గాజు గొట్టంలోకి పెట్రోలు తీస్తారు. ఏవీగ్యాస్, అంటే ఈ చిన్న విమానాల పెట్రోలు, లేత నీలం రంగులో ఉంటుంది. నీళ్లు కలిసి ఉంటే అడుగున తెల్లగా వేరుగా బుడగలా నిలబడతాయి. గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూడాలి. రాత్రి చల్లబడ్డ ట్యాంకులో తేమ నీరవడం మామూలే, ఆ నీళ్లు ఇంజిన్‌కు అందితే టేకాఫ్‌లోనే ఆగిపోతుంది. ఫెన్సింగ్ బయట నిలబడి ఓ గంట చూడండి. పిల్లలు గొట్టం ఎత్తి చూస్తున్నారా, లేక తీసి పారబోసి చెక్‌లిస్ట్‌లో టిక్కు పెడుతున్నారా? దీన్నిబట్టి ఇన్‌స్ట్రక్టర్లు ఎట్లాంటివాళ్లో తెలిసిపోతుంది.

శిక్షణ గంటల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ ఖర్చంతా దాని మీదే ఆధారపడి ఉంది. మన దగ్గర కమర్షియల్ లైసెన్స్‌కు 200 గంటలు కావాలి. అందులో 100 గంటలు తనే కమాండర్‌గా నడపాలి. రాత్రి ఎగరడానికి ఐదు గంటలు, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయే క్రాస్-కంట్రీ 20 గంటలు ఇట్లా విడివిడి లెక్కలుంటాయి. ఆ తర్వాత ఎయిర్‌బస్‌కో బోయింగ్‌కో టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానానికి ప్రత్యేక శిక్షణ, చేస్తే కోపైలట్‌గా కూర్చోవచ్చు. అమెరికాలో మాత్రం మామూలుగా 1500 గంటలు ఉంటే గానీ ఎయిర్‌లైన్‌లో కూర్చోనివ్వరు. 2009లో బఫలో దగ్గర కోల్గన్ సంస్థ విమానం కూలి 50 మంది చనిపోయాక వచ్చిన నిబంధన అది. మనమూ 1500 పెట్టాలని అప్పుడప్పుడు ఎవరో ఒకరు అంటుంటారు.

నేను ఒప్పుకోను. ఆ కోల్గన్ విమానంలో ఇద్దరు పైలట్లకూ 1500 కంటే ఎక్కువ గంటలే ఉన్నాయి. వేగం పడిపోయి స్టాల్ వార్నింగ్, అంటే రెక్కలు ఎత్తే బలం కోల్పోతున్నాయన్న హెచ్చరిక, మోగితే ముక్కు దించాల్సింది పోయి కెప్టెన్ యోక్ (విమానం స్టీరింగ్) వెనక్కి లాగాడు. కోపైలట్ రాత్రంతా దేశం ఈ చివర నుంచి ఆ చివరకు ప్రయాణం చేసి డ్యూటీకి వచ్చింది. అక్కడ లోపించింది స్టాల్ శిక్షణ, విశ్రాంతి. ఆ ప్రమాదం తర్వాత సిమ్యులేటర్లలో స్టాల్ శిక్షణ మార్చారు, విశ్రాంతి నియమాలు మార్చారు, పైలట్ల పాత ఫెయిల్యూర్ రికార్డులు చూడటం మొదలుపెట్టారు. నిజంగా పనికొచ్చినవి అవి. 1500 అన్న అంకె పత్రికల్లో రాయడానికి సులువు కాబట్టి పేరు దానికొచ్చింది. మన దేశంలో అలాంటి అంకె పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. పార్కర్ పెన్ గంటలు పెరుగుతాయి. ఎగరకుండా లాగ్‌బుక్‌లో పెన్నుతో ఎక్కించే గంటలను మావాళ్లు అట్లా అంటారు. 2011లో దొంగ మార్కుల మెమోలతో లైసెన్స్ తెచ్చుకున్న పైలట్లు పట్టుబడ్డారు. దొంగ గంటలు రాసిచ్చిన వ్యవహారం కూడా అప్పుడే బయటపడింది. గోవాలో ముక్కు చక్రం ముందు తాకేలా విమానం దించిన ఒక కెప్టెన్ రికార్డులు తవ్వితే మొదలైంది ఆ కథ.

మీ బిడ్డ విషయంలో ఇది గుర్తుపెట్టుకోండి. "గంటలు తొందరగా పూర్తి చేయిస్తాం" అన్నది మీకు శుభవార్త కాదు. ఆమె లాగ్‌బుక్‌లో రాసిన ప్రతి గంటా విమానం లాగ్‌బుక్‌లో, పెట్రోలు లెక్కలో, ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) రికార్డులో కనబడాలి. ఆమె మొదటి రోజు నుంచే ఆ తేదీలు తన సొంత నోట్‌బుక్‌లో రాసుకోవడం మంచిది.

డీజీసీఏ పనిచేస్తోందా అన్నారు. పనిచేస్తుంది, కానీ గట్టివాడి దగ్గర గొంతు తగ్గుతుంది. కొన్ని మంచి పనులు ఒప్పుకోవాలి. 1996 నవంబర్‌లో హర్యానాలోని చర్ఖీ దాద్రి దగ్గర రెండు విమానాలు గాల్లో ఢీకొని 349 మంది పోయాక, ఎదురొచ్చే విమానాన్ని పసిగట్టి హెచ్చరించే పరికరం మన గగనతలంలో తప్పనిసరి చేశారు. పైలట్లకు బ్రీత్ అనలైజర్ పరీక్ష విషయంలో మనవాళ్లు చాలా దేశాలకంటే కఠినం. 2019 మార్చిలో బోయింగ్ 737 మ్యాక్స్ రెండోసారి కూలినప్పుడు అమెరికా కంటే ముందే మనవాళ్లు ఆపమని ఆదేశించారు. ఆ మ్యాక్స్ కథలో అయితే ప్రపంచమంతా గురువుగా చూసే అమెరికా నియంత్రణ సంస్థే తనిఖీ పనిలో పెద్ద భాగం కంపెనీ చేతికే అప్పగించింది. ఒకే ఒక్క సెన్సర్ తప్పు రీడింగ్‌ను నమ్మి ముక్కు కిందికి తోసే సాఫ్ట్‌వేర్ సంగతి పైలట్ల మాన్యువల్‌లో కూడా రాయలేదు. రెండు ప్రమాదాల్లో 346 మంది పోయారు. కాబట్టి ఇది మన ఒక్క దేశపు జబ్బు కాదు.

మన జబ్బు వేరు. 2014 జనవరిలో అమెరికా మన భద్రతా రేటింగ్‌ను రెండో తరగతికి దించింది. ప్రధానంగా డీజీసీఏలో సరిపడా నిపుణులు లేరని. మనుషులను తీసుకున్నాక 2015 ఏప్రిల్‌లో తిరిగి పెంచింది. అంత అవమానం జరిగాక బుద్ధి రావాలి కదా? 2025లో పార్లమెంటు స్థాయీ సంఘం చూసేసరికి డీజీసీఏ మంజూరు పోస్టుల్లో దాదాపు సగం ఖాళీ. ఈ దేశంలో ఎయిర్‌లైన్లు వందల కొద్దీ విమానాలకు ఆర్డర్లు పెట్టాయి. వాటిని చూసే కళ్లు సగమే. పైగా ప్రమాదం జరిగితే దర్యాప్తు చేసే ఏఏఐబీ కూడా అదే పౌర విమానయాన శాఖ కింద ఉంటుంది. ప్రమాదంలో డీజీసీఏ తప్పు ఉంటే ఒకే ఇంట్లో ఉన్న రెండోవాడు చెప్పాలి. దాన్ని ఆ శాఖ నుంచి బయటికి తీయాలన్నది నా గట్టి అభిప్రాయం.

2025 డిసెంబర్‌లో శంషాబాద్‌లో జనం నేల మీద పడుకున్న వీడియోలు మీరూ చూసి ఉంటారు. దాని వెనక సంగతి చాలామందికి చేరలేదు. పైలట్ల అలసట తగ్గించడానికి డీజీసీఏ 2024 జనవరిలో కొత్త నియమాలు ప్రకటించింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి, రాత్రి ల్యాండింగ్‌లు ఆరు నుంచి రెండుకి. ఎయిర్‌లైన్లు అభ్యంతరం చెప్పాయి, వాయిదా పడింది, పైలట్లు ఢిల్లీ హైకోర్టుకు పోయారు. చివరికి రెండు విడతలుగా అమలు, రెండో విడత 2025 నవంబర్ 1 నుంచి. అంటే సిద్ధం కావడానికి దాదాపు రెండేళ్లు. అయినా దేశంలో అతిపెద్ద ఎయిర్‌లైన్ ఇండిగోకు పైలట్లు చాలక వేల ఫ్లైట్లు రద్దయ్యాయి. అప్పుడు డీజీసీఏ ఏం చేసింది? ఆ సంస్థకు రాత్రి నియమాల్లో 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చింది.

మినహాయింపు ఇవ్వకపోతే జనం ఇంకా ఇబ్బంది పడేవాళ్లే, ఒప్పుకుంటా. కానీ మంగళూరు కెప్టెన్ గురక గుర్తున్నవాడికి ఆ ఆదేశం చదివితే ఎట్లా ఉంటుందో ఆలోచించండి. ముందే ఆ సంస్థకు "మీ దగ్గర ఇంతమందే పైలట్లు ఉన్నారు, ఇన్ని ఫ్లైట్ల షెడ్యూల్ ఇవ్వం" అని అక్టోబర్‌లోనే చెప్పాల్సింది. శీతాకాలం షెడ్యూల్ ఆమోదించేది వాళ్లే. నా మేనేజర్ టైరు విషయంలో అన్నట్టే, ఇక్కడ దేశం మొత్తానికి "ఈ ఒక్కసారికి" అన్నారు. తేడా ఏంటంటే అప్పుడు సంతకం పెట్టనన్న మనిషి ఒకడున్నాడు.

ఫ్లయింగ్ స్కూళ్ల విషయంలో మాత్రం ఈమధ్య కాస్త కదలిక వచ్చింది. 2025 అక్టోబర్ నుంచి డీజీసీఏ స్కూళ్లకు ర్యాంకులు ఇస్తోంది, ఏడాదికి రెండుసార్లు. మొదటిసారి పై రెండు గ్రేడుల్లోకి ఒక్క స్కూలు కూడా రాలేదు. అది చదివి మీరు భయపడతారేమో గానీ, నాకు నచ్చింది. ప్రకటనల్లో అందరూ నంబర్ వన్ అని రాసుకునే చోట ఒక ప్రభుత్వ కాగితం ఎవరికీ పై గ్రేడు ఇవ్వలేదు. స్కూలును ఎంచుకునేముందు తాజా జాబితా చూడండి.

అహ్మదాబాద్ గురించి. 2025 జూన్ 12న లేచిన క్షణాల్లోనే కూలిన ఆ ఎయిర్ ఇండియా బోయింగ్ 787లో ఒక్కరు తప్ప అందరూ పోయారు, కిందున్నవాళ్లతో కలిపి 260 మంది. నెల తర్వాత వచ్చిన ప్రాథమిక నివేదిక చెప్పింది ఇంతే: రెండు ఇంజిన్ల ఫ్యూయెల్ స్విచ్‌లు ఒక సెకను తేడాతో రన్ నుంచి కటాఫ్‌కు, అంటే ఇంజిన్‌కు ఇంధనం ఆగిపోయే స్థానానికి, మారాయి. ఎందుకు కట్ చేశావని ఒక పైలట్ అడిగాడు, నేను చేయలేదని రెండోవాడు అన్నాడు. తర్వాత స్విచ్‌లు మళ్లీ రన్‌కు వచ్చాయి, అప్పటికి ఆలస్యమైంది. పోయిన పైలట్ల మీద టీవీ చర్చల్లో తీర్పులు ఇచ్చేశారు. ఆ కుటుంబాల గురించి ఆలోచించినా నోరు ఆగేది.

ఒక ఇంజనీరుగా నా కన్ను పడ్డది ఆ నివేదికలోని ఇంకో వాక్యం మీద. అలాంటి స్విచ్‌ల లాక్ ఊడి ఉండొచ్చు, చూసుకోండని 2018లో అమెరికా నియంత్రణ సంస్థ ఒక సూచన పంపింది. సూచన మాత్రమే, ఆదేశం కాదు. అందుకని ఆ తనిఖీ జరగలేదు. ప్రమాదానికి దానికీ సంబంధం ఉందని నేను అనడం లేదు. ప్రమాదం తర్వాత అందరూ తనిఖీ చేస్తే ఎయిర్ ఇండియా విమానాల్లో లాక్‌లు బాగానే ఉన్నాయని తేలింది కూడా. కానీ "తప్పనిసరి కాదు" అని రాసిన కాగితాలు ఏ కంపెనీలోనైనా అరలో పడి ఉంటాయి. వాటిలో ఏది ఎప్పుడు చూడాలో నిర్ణయించడానికి మెయింటెనెన్స్ ప్లానింగ్‌లో చాలినంత మంది ఉండాలి. ఖర్చు తగ్గించాల్సి వస్తే మొదట తెగేది ఆ సెక్షనే.

ఇన్ని చెప్పాక విమానం ఎక్కొద్దంటానేమో అనుకోకండి. మొన్ననే ఎక్కాను. 2010 నుంచి 2025 వరకు మన షెడ్యూల్డ్ ఎయిర్‌లైన్లలో ప్రయాణికుల ప్రాణాలు తీసిన ప్రమాదాలు మంగళూరు, కోజికోడ్, అహ్మదాబాద్, ఈ మూడే. సాగర్ రోడ్డు మీద మాల్ ఊరి దాకా బైక్ మీద పోయి రావడానికి నేను దానికంటే ఎక్కువ భయపడతాను. చిన్న శిక్షణ విమానాల లెక్క వేరు, అక్కడ ప్రమాదం ఎక్కువ, అందుకే స్కూలు దగ్గర అంతసేపు ఆగాను.

ఇక మీ బిడ్డ సంగతి. అమ్మాయి అన్న బెంగ పెట్టుకోకండి. మన దేశంలో పైలట్లలో దాదాపు 15 శాతం ఆడవాళ్లే, ప్రపంచ సగటుకు మూడు రెట్లు. తను నెమ్మదిగా ఉంటుందని, పెద్దల ముందు నోరెత్తదని మీరు మురిపెంగా రాశారు. ఇంట్లో అది బాగానే ఉంటుంది. కాక్‌పిట్‌లో కుడి సీట్లో కూర్చుని ముప్పై ఏళ్ల అనుభవమున్న కెప్టెన్‌తో "గో-అరౌండ్ సార్" అనాల్సింది తనే. అనగలదా అని తననే అడగండి. నేర్చుకోవచ్చు, కానీ నేర్చుకోవాల్సిన వాటిలో అది ఒకటని ముందే తెలియాలి.

పైసల విషయంలో మాత్రం వరస తప్పకండి. భూమి బేరం పెట్టకముందే మెడికల్. ముందు క్లాస్ 2, తర్వాత క్లాస్ 1, డీజీసీఏ గుర్తించిన డాక్టర్ల దగ్గర. రంగులు గుర్తించడంలో లోపం బయటపడి ఆగిపోయినవాళ్లను చూశాను, అప్పటికే ఫీజు కట్టేసినవాళ్లను కూడా. తర్వాత థియరీ పేపర్లు: నావిగేషన్, మెటీరియాలజీ, రెగ్యులేషన్, టెక్నికల్. వీటికి ఖర్చు తక్కువ, ఇంట్లో ఉండి చదవొచ్చు. రెండు మూడు పాసయ్యాక తనకూ మీకూ నమ్మకం కుదురుతుంది. ఫ్లయింగ్ ఫీజు అరకోటి దాటుతుంది, టైప్ రేటింగ్ దాని పైన వేరే. మొత్తం ఒకేసారి కట్టమంటే కట్టొద్దు. ఎగిరిన గంటలకు తగ్గట్టు విడతలుగా కట్టేలా కాగితం రాయించుకోండి. విమానాలు మూలనపడి, ఇన్‌స్ట్రక్టర్లు వెళ్లిపోయి ఏడాదిలో కావాల్సింది మూడేళ్లు సాగిన పిల్లలు చాలామంది ఉన్నారు. లైసెన్స్ వచ్చిన రోజే ఉద్యోగం రాదు, ఆ ఖాళీ కాలానికి కూడా కొంత పక్కన పెట్టుకోవాలి. రెండెకరాలూ ఒకేసారి అమ్మకుండా ఒక ఎకరంతో మొదలుపెట్టి, మిగతాదానికి బ్యాంకు లోన్ వస్తుందేమో నల్గొండలో కనుక్కోండి.

క్లాస్ 1 చేతికొచ్చాక మీరు చూస్తున్న రెండు మూడు స్కూళ్లలో ఎన్ని విమానాలు ఎగురుతున్నాయో, ఎంతమంది స్టూడెంట్లకు ఒక ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడో, ఎండాకాలం ఫ్లయింగ్ ఎన్నింటికి ఆపుతారో కనుక్కుని రాయండి. అవి చూసి నాకు తోచింది చెప్తాను.